వంటింట్లో పెరిగిన ఆబోతు

హాల్వర్ ఎంగెన్‌కి అరవై మూడేళ్లు. విస్కాన్సిన్‌లో మా రోడ్డు చివర అతని కొట్టం, నలభై జెర్సీ ఆవులు. భార్య పోయిన రోజు కూడా వేళకి పాలు పిండాడు. మనిషి కాదు, రాయి అన్నారు జనం. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కడికీ ఆవుల్లేవు. పశువుల ట్రక్కు నడిపే నాకు అతను ఇరవై ఏళ్లుగా తెలుసు.

భార్య పోయిన ఆ చలికాలంలోనే ఒక ఆవు ఈని చచ్చిపోయింది. కోడెదూడ మిగిలింది. దాన్ని మిగతా దూడల్లో కలపాల్సింది పోయి, వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాడు. సీసాతో పాలు పట్టాడు. బిస్కెట్ అని పేరు పెట్టాడు. మూడు నెలలు అది ఇంకో పశువు మొహం చూడలేదు. తలతో మోకాళ్లు కుమ్మితే ఈయన నుదుటిమీద చెయ్యి పెట్టి ఎదురు తోసేవాడు. కోడెదూడ నుదురు ముట్టుకోకూడదని నాకు చెప్పిందే ఈయన!

"పెద్దాయనా, రేపు అది పెరిగాక ఎవర్ని కుమ్ముతుందనుకున్నావ్?" అన్నాను.

"నోర్ముయ్‌రా డెల్బర్ట్. నీ ట్రక్కు సంగతి చూసుకో, పో."

రెండేళ్లకి అది ఆరువందల కిలోలైంది. మందలో పెరిగిన ఆబోతును గదమాయిస్తే నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. దీనికి మనిషంటే బెదురే లేదు. దాని లెక్కలో హాల్వర్ సాటి ఆబోతు. మార్చిలో అతన్ని కంచెకి అదిమి మూడు పక్కటెముకలు విరగ్గొట్టింది. కంచె కిందనుంచి పాక్కుంటూ బయటపడ్డాడు.

కూతురు మార్నా పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, అది ఉంటుందా, నువ్వుంటావా? ఇవాళే తేల్చు."

"దాని తప్పేముందే? పెంచింది నేను."

"అందుకే పంపాల్సింది కూడా నువ్వే."

వారం తర్వాత హాల్వర్ నాకు ఫోన్ చేశాడు. కబేళాకి అన్నాడు, అంతే.

ఆబోతును ట్రక్కెక్కించడమంటే నలుగురు మనుషులు, అరగంట పెనుగులాట. కర్రలు తీసుకునే వెళ్లాను.

"అవి అవతల పారెయ్," అని దాణా బకెట్ పట్టుకుని తనే ముందు ట్రక్కెక్కాడు.

"చస్తావయ్యా, దిగు!" అని అరిచాను.

బిస్కెట్ అతని వెనకే ఎక్కింది. వాలు చెక్క దగ్గర కూడా ఆగలేదు. హాల్వర్ బకెట్ దించి పక్కనున్న చిన్న తలుపులోంచి దూకేశాడు. నేను వెనక తలుపు వేశాను. లోపల నిబ్బరంగా దాణా తింటోంది.

"ఇంత నెమ్మదిగా ఎక్కినదాన్ని నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

హాల్వర్ ట్రక్కు పలకల మీద చెయ్యి వేసి ఏడ్చాడు.

"నన్ను చూసి కాస్త భయపడటం నేర్పి ఉంటే బతికేదిరా."