ఆఖరి ట్రిప్పు, నీలం డబ్బా

నీటి విమానాల రేవులో అతన్ని అందరూ కండక్టర్ అనే పిలుస్తారు. ఏళ్ల తరబడి సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టి వచ్చినవాడు మరి. ఆ రూటు ఎత్తేశాక బావమరిది వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఇక్కడ వేయించాడు. ఎయిర్‌పోర్టులో పెద్ద విమానం దిగినవాళ్లను చిన్న నీటి విమానంలో దీవి మీది రిసార్టుకు చేర్చడం కంపెనీ పని. తలుపు తీయడం, సామాను సర్దడం, విమానం నీళ్లమీద తేలడానికి కింద బిగించిన పొడుగాటి తెప్పల మీద నిలబడి, తాడు విసిరి రేవుకు కట్టడం కండక్టర్ పని. తడి రేకు మీద చెప్పులు జారతాయి. అందుకని అన్నీ వట్టి కాళ్లతోనే.

"విమానంలో ఉద్యోగం అని ఊరంతా చెప్పుకున్నాను. చెప్పులన్నా ఇవ్వలేదేంటయ్యా నీకు?" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ఉద్యోగం కోసం ముప్పై దాటాక ఈత నేర్చుకున్నాడు, బడిపిల్లల మధ్య, వాళ్లు కిసుక్కున నవ్వుతుంటే. కొత్తవి నేర్చాడు గానీ పాతవి వదల్లేదు. తలుపు మూయగానే లోపలి గోడ మీద రెండు చరుపులు చరిచి "రైట్ రైట్" అంటాడు. కెప్టెన్ మేడమ్ మొదట్లో కసురుకునేది. ఇప్పుడు ఆ చప్పుడు వినపడితేనే కదులుతుంది. రెండో అలవాటు, జనం చేతిలో మూట కనిపిస్తే లాక్కుని తనే ఎక్కడో ఒకచోట సర్దేయడం. బస్సులో అది సాయం. ఆ సాయంత్రం మాత్రం కొంపముంచింది.

అది ఆఖరి ట్రిప్పు. నీటి విమానం దిగాలంటే పైలట్ కంటికి నీళ్లు కనిపించాలి. నీళ్లమీద దీపాలుండవు కాబట్టి పొద్దు గుంకితే అన్నీ కట్టేయాల్సిందే. పైగా బరువు ఎక్కువైంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన చేపల వేట సరంజామా అంతా మోసుకొచ్చాడు. మేనేజర్ రేవు మీద నిలబడి "కానీ, కానీ, వెలుతురు పోతోంది" అని ఒకటే అరుపులు.

బరువెక్కువైతే ముందు దిగిపోయేవి నీలం ఐసు డబ్బాలు. అది అక్కడి రివాజు. రిసార్టు వంటింటికి చేపలూ వెన్నా వాటిలోనే వెళతాయి. పొద్దున సామాను పడవలో వెళ్లినా ఎవరికీ నష్టం లేదు. కండక్టర్ రెండు డబ్బాలు దించాడు. మూడోది ఒక కుర్ర తండ్రి భుజాన వేలాడుతోంది. అతని భార్య నాలుగేళ్ల పాపను చంకనేసుకుని ఏదో చెప్పబోయింది.

"నేను చూసుకుంటా కదమ్మా, మీరు పాపని పట్టుకోండి," అని కండక్టర్ ఆ డబ్బా అందుకున్నాడు. వెనక సామాన్లలో పెడతాడనుకున్నారు వాళ్లు. నీలం రంగు చూసిన చెయ్యి దాన్ని మిగతా రెండింటి పక్కన రేవు మీద పెట్టేసింది.

రైట్ రైట్.

విమానం గాల్లోకి లేచాక ఇంజన్ మోత తప్ప ఏమీ వినిపించదు. పాప నీళ్ల సీసా ఖాళీ చేసి, ఇంకా కావాలని తల్లి చెంప లాగుతోంది. తల్లి వెనక్కి వంగి కండక్టర్ చెవి దగ్గర అరిచింది.

"అన్నా, ఆ నీలం డబ్బా ఒకసారి ఇస్తారా? దిగాక పాపకి సూది వెయ్యాలి, సర్ది పెట్టుకుంటా."

"ఏ డబ్బా అమ్మా?"

"మీరేగా నా మొగుడి దగ్గర తీసుకున్నారు! ఇన్సులిన్ మొత్తం అందులోనే ఉంది."

రేవు మీద తను వరసగా పెట్టిన మూడు డబ్బాలు కండక్టర్ కళ్ల ముందు మెదిలాయి.

'దిగాక ఇస్తానమ్మా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దిగాక పొద్దున పడవలో వస్తుందని చెప్పొచ్చు. తర్వాత రిసార్టువాళ్లూ వీళ్లూ తేల్చుకుంటారు. కిందటి నెలే ఒక పెళ్లికూతురి పెట్టెను వేరే దీవికి పంపి మేనేజర్ చేత గట్టిగా అనిపించుకున్నాడు. ఇంకోటి జరిగితే గుమ్మం చూపిస్తానన్నాడాయన. ఇంట్లో ఇంకా అడుగులు రాని కొడుకు.

"ఒక్క పూట ఆగితే ఏమవుతుందమ్మా?" అని అడిగాడు.

"ఆగదు. పాప ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు. సూది పడకపోతే తిన్న తిండి ఒంటికి పట్టదు, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. తెల్లారేసరికి స్పృహ ఉంటుందో ఉండదో. అక్కడ ఆసుపత్రి ఉందా?"

"నర్సమ్మ ఒక్కతే. తెగిన చోట కట్టు కడుతుంది, అంతే."

పాప మళ్లీ నీళ్లడిగింది. కండక్టర్ లేచి, సీట్లు పట్టుకుంటూ ముందుకెళ్లి కెప్టెన్ భుజం తట్టాడు.

"మేడమ్, ఒక డబ్బా రేవు మీద వదిలేశాను."

"చేపలేగా? పొద్దున వస్తాయిలే."

"చేపలు కాదు మేడమ్. ఆ పాప ఇన్సులిన్. నేనే దించేశాను."

ఆమె అతని వంక చూడలేదు. సూర్యుడి వంక చూసింది. "సగం దారి కూడా రాలేదు. తిరిగితే ఇప్పుడే తిరగాలి. ఇంకొంచెం ముందుకెళితే వెనక్కి వచ్చి దిగడానికి వెలుతురు చాలదు." అప్పుడు అతని వైపు తిరిగింది. "మేనేజర్ అన్న మాట గుర్తుందిగా నీకు?"

"ఉంది మేడమ్. తిప్పండి."

రెక్క వాలింది. సముద్రం పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది.

"ఏమయ్యా," అని అరిచాడు టోపీ పెద్దాయన, "సూర్యుడు ఇటుపక్కకి వచ్చాడేంటి?"

"సూర్యుడు రాలేదండీ, మనమే తిరిగాం. చంటిదాని మందు మర్చిపోయా. తప్పు నాదే."

"మరి రాత్రికి నా గది? నా భోజనం?"

"మా పాప ప్రాణం సంగతేంటి మరి!" అని పాప తండ్రి వెనక్కి తిరిగి ఒక్క అరుపు అరిచాడు.

రేవు కనిపించేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చూడటానికి అందం, దిగడానికి గండం. అల లేని నీళ్లలో ఆకాశమే కనిపిస్తుంది తప్ప నీళ్లు కనిపించవు. అవి ఎంత కింద ఉన్నాయో కంటికి తెలియదు. ఇంకా ఎత్తులోనే ఉన్నామనుకుంటూ విమానం ముక్కును నీళ్లకు గుద్దిన పైలట్లున్నారు. అలాంటి నీళ్లలో దించే పద్ధతి లేకపోలేదు, కానీ దానికి మంచి వెలుతురు కావాలి. ఇలాంటప్పుడు రేవు పడవను అటూ ఇటూ తిప్పి నీళ్లు చెదరగొట్టిస్తారు.

కెప్టెన్ రేడియోలో పడవ అడిగింది. పడవ నడిపే సరంగు టీ తాగడానికి వెళ్లాడని మేనేజర్ గొంతు జవాబిచ్చింది.

"లాక్కురండి అతన్ని," అందామె. విమానం రేవు మీద ఒక చుట్టు తిరిగింది. కొండ వెనక ఎరుపు సన్నబడుతోంది. "ఇంకొక్క చుట్టు," అంది పక్క పైలట్‌తో. అతను తల ఊపాడు.

కండక్టర్ పాప సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని బెల్టు బిగించాడు. పాప కళ్లు మూతలు పడుతున్నాయి. అది నిద్రో, జబ్బో అతనికి తెలియదు. తల్లిని అడగడానికి ధైర్యం చాలలేదు.

అంతలో కింద అద్దం మీద తెల్లటి గీత ఒకటి పడింది. సరంగు పడవను పాములా మెలికలు తిప్పుతున్నాడు. గీత రెండుగా విడిపోయి, అలలుగా పరుచుకుని, నీళ్లకు ముఖం వచ్చింది. కెప్టెన్ ఆ అలల మీదే విమానాన్ని దించింది. తెప్పలు దడదడలాడాయి. కండక్టర్ తాడు కట్టీ కట్టకుండానే రేవు మీదికి దూకాడు.

డబ్బాలు లేవు.

"చేపలు కుళ్లిపోవూ? మంచు గదిలో పెట్టించా," అన్నాడు మేనేజర్. "అసలు నిన్నెవడు వెనక్కి..."

పాప తల్లి అప్పటికే వాళ్ల పక్కన ఉంది. "మంచు గదిలోనా? గడ్డ కడితే ఆ మందు చచ్చిపోతుంది! ఇంకెందుకూ పనికిరాదు!"

కండక్టర్ పరుగెత్తాడు. మంచు గది తలుపు లాగి, మొదటి డబ్బా తెరిస్తే చేపలు. రెండోది వెన్న. మూడోది ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె బయటికొచ్చి దీపం కింద నిలబడి, మందు సీసా ఎత్తి, మెల్లగా వంచింది. లోపల నీరు ఒక పక్కకు జారింది. మళ్లీ వంచింది. మళ్లీ జారింది. మంచు పలుకు ఒక్కటీ లేదు. రెండో సీసా చూసింది. అదీ అంతే.

ఆమె అక్కడే నేల మీద కూలబడి పాపను ఒళ్లోకి తీసుకుంది. తండ్రి పాప వేలు గుచ్చి రక్తం చూశాడు. అంకె చూసి పెదవి కొరుక్కున్నాడు గానీ, భార్య కళ్లలోకి చూసి 'పర్లేదు' అన్నట్టు తలాడించాడు. సూది పడింది. పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే కండక్టర్ వెళ్లి విమానం తాడు సరిగ్గా బిగించి కట్టాడు.

"పొద్దున్నే మొదటి విమానం వీళ్లదే," అంది కెప్టెన్ మేనేజర్‌తో. "నువ్వు రేపు నా గదికి రా," అన్నాడు మేనేజర్ కండక్టర్‌తో. సరేనన్నాడు.

రాత్రికి ప్రయాణికులకు వెయిటింగ్ రూములో బెంచీలు కలిపి పక్కలు వేశారు. కండక్టర్ పాప తల్లి దగ్గరికెళ్లి చెయ్యి చాచాడు.

"పైలట్ల గదిలో ఫ్రిజ్ ఉందమ్మా. మామూలు ఫ్రిజ్, గడ్డ కట్టదు. ఇటివ్వండి, పెట్టొస్తాను."

ఆమె డబ్బాను గుండెలకు ఇంకా దగ్గరగా లాక్కుంది.

"ఎక్కడుందో చూపించండి చాలు. నేనే పెట్టుకుంటా."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, దారి చూపిస్తూ ముందు నడిచాడు.