మా ఆడపడుచు ఎక్కించిన గేర్‌బాక్సు

మా ఆడపడుచు వీధిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పక్కనుంచి పోయిన కారు వంక కళ్ళు చికిలించి చూసి, "మూడో గేరు పళ్ళు అరిగిపోయాయి పాపం, ఆయనకింకా తెలీదు" అంటుంది, చుట్టాల్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత దిగులుగా. అందరికీ కారు కనబడుతుంది, ఆమెకి కారు వినబడుతుంది. అందుకే మా వీధి వాళ్ళు ఆమెని పళ్ళ డాక్టరని పిలుస్తారు. మొదట్లో ఎకసెక్కానికే పిలిచేవారు. తర్వాత అలవాటై, ఇప్పుడు మర్యాదగానే పిలుస్తున్నారు.

ఆమె చదువూ నా చదువులాంటిదే, అంతంతమాత్రం. చిన్న వయసులోనే బస్సుల వర్క్‌షాపులో చేరింది. విప్పిన సామాన్లు కిరసనాయిలులో కడగడం పని. ఫిట్టర్లు గేర్లు తెచ్చి తొట్టిలో పడేసేవారు, ఈమె కడిగి తుడిచి వరసగా పేర్చేది. కడగ్గా కడగ్గా ఏది దేని పక్కన కూర్చుంటుందో చేతులకి వచ్చేసింది. పెద్ద ఫిట్టరు అది చూసి, "కడిగింది చాల్లే, ఇలా వచ్చి కూర్చో" అని తన బల్ల దగ్గర చోటిచ్చాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె మొహం వెలిగిపోతుంది.

తర్వాత అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి అద్దె చోటులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నారు. కారు కింద దూరి గేర్‌బాక్సు దించడం, మళ్ళీ ఎక్కించడం మా ఆయన వంతు. దాని పొట్ట విప్పి బాగుచేసే పని ఆమెది. రోజంతా పోట్లాడుకునేవారు. నేను క్యారేజీ పట్టుకెళ్తే మాత్రం ఇద్దరూ ఒకటైపోయి, "ఇంత ఆలస్యమా?" అని నా మీద పడేవారు.

మా ఆయన పోయాక షెడ్డు తలుపు తెరుచుకోలేదు. లోపల మా పాత కారు స్టాండ్ల మీద అలాగే ఉండిపోయింది. దాని రెండో గేరు నిలవకుండా జారిపోతోందని, పోయే ముందు ఆయన దించిన గేర్‌బాక్సు కూడా అక్కడే ఉంది. ఆడపడుచు నోట ఆ షెడ్డు మాటే వచ్చేది కాదు. నా నోటా రాలేదు. ఒకరి బాధ ఒకరు కదపకూడదని ఇద్దరం జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

ఈలోగా స్పేర్ పార్టుల షాపాయన ఆడపడుచుకి కబురు పెట్టాడు. కౌంటరు దగ్గర కూర్చునే పనట. పైన ఫ్యాను, చేతికి జిడ్డంటదు. ఆదివారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఆడపడుచు మా గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"వదినా, నీ పాత చీరొకటి కావాలి. అందులో నువ్వు కావాలి."

"ఏమైందే?"

"గేర్‌బాక్సు సిద్ధం. వారం నుంచీ నీకు చెప్పకుండా వెళ్ళి బిగిస్తున్నాను. కొత్త బేరింగులు, నూనె కారకుండా కొత్త సీళ్ళు, ఇత్తడి రింగులు అన్నీ వేశాను. ఇవాళ కారుకి ఎక్కించేద్దాం."

"నాకేం వచ్చని?"

"చెప్పింది నోరు మూసుకుని చెయ్యడం వచ్చుగా. అన్నయ్యకి చచ్చినా రా..." అని నాలిక కరుచుకుంది. వెంటనే మాట మార్చేసింది. "విను వదినా. నాలుగు గేర్లలోనూ, రివర్సులోనూ ఇది బుద్ధిగా నడిచిందా, షెడ్డు ఉంచుతాను. ఏడిచిందా, సాయంత్రం తాళాలు షెడ్డు ఓనరుకి ఇచ్చేసి షాపులో చేరిపోతాను. ఇంకో మాట లేదు."

నేను పొయ్యి ఆపేసి చీర మార్చుకున్నాను.

షెడ్డు తలుపు తెరిచిన చప్పుడుకే పక్క కొట్లో దర్జీ బాబాయి మిషను ఆపి వచ్చేశాడు. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు.

"ఏంటమ్మా డాక్టరూ, ఆపరేషనా? నర్సుని కూడా తెచ్చుకున్నావే!"

"నువ్వా సూదులు నోట్లోంచి తీసి మాట్లాడు బాబాయ్. మింగితే నేనే ఆపరేషన్ చెయ్యాల్సొస్తుంది."

గేర్‌బాక్సు బల్ల మీద తళతళలాడుతోంది. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసింది దాన్ని. జాకీ మీద పెట్టి, ఇద్దరం కారు కిందికి దూరాం. వెల్లకిలా పడుకుంటే మొహానికి జానెడు ఎత్తులో ఇంజను. గేర్‌బాక్సు ముందున్న ఇనప ఊచ క్లచ్ ప్లేటు మధ్యలోకి సూటిగా దూరాలి. వెంట్రుకంత వంకరున్నా దూరదు. బరువంతా ఆ ఊచ మీద వేలాడనిచ్చామో, ప్లేటు వంగి చస్తుంది.

"జాకీ కొంచెం ఎత్తు. చాలు చాలు! కొంచెమంటే కొంచెమే వదినా, మేడ కట్టమన్లేదు."

"ఇప్పుడో?"

"నీ వైపు లాక్కో... ఊపిరి బిగపట్టు... నువ్వు కాదే తల్లీ, నాకు నేను చెప్పుకుంటున్నా."

ఎంతకీ దూరదు. నెడతాం, ఆగిపోతుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. చెమట చెవుల్లోకి కారుతోంది. బాబాయి బయటినుంచి, "సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేనైతే కొస తడి చేస్తాను" అని సలహా పారేశాడు. ఆడపడుచు విసుక్కోలేదు. ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి వెనక్కి చాపి, గేర్‌బాక్సు తోక దగ్గరున్న ఇరుసుని వేళ్ళతో మెల్లగా తిప్పింది. అంతే, మెత్తగా జారి, "ఠక్"మని వెళ్ళి ఇంజనుకి అతుక్కుపోయింది. పసిబిడ్డ మొదటి ఏడుపు విన్నట్టు ఇద్దరం కారు కింద పడుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

"బోల్టులివ్వు! తొందరగా ఇవ్వు, మళ్ళీ మనసు మార్చుకుంటుందేమో!"

బోల్టులన్నీ బిగించాక నన్ను టీకి పంపింది. నేను తిరిగొచ్చేసరికి గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. ఆ టీ గుటగుటా తాగేసి, గేరు రాడ్డుకి తొడిగే రబ్బరు తొడుగు చిరిగిందని, కుట్టించుకు రావడానికి బాబాయి కొట్లోకి వెళ్ళింది.

నేనొక్కదాన్నే ఉన్నాను. కారులో సీట్ల మధ్య గేరు రాడ్డు బిగించాల్సిన చిల్లు తెరిచి ఉంది. ఈ కారుకి నూనె పక్కనుంచి పొయ్యడానికి సందు చాలదు. అందుకని ఆ చిల్లులోంచే కొలత జగ్గుతో నిండా ఒక జగ్గు పొయ్యాలి. ఆ పని ఎప్పుడూ మా ఆయనే చేసేవాడు, ఒక్క చుక్క ఒలకనివ్వకుండా. చెల్లెల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడా పని ఆమె చేత చేయించడమెందుకు, గుర్తొచ్చి బాధపడుతుంది అనిపించింది. జగ్గు జిడ్డుగా ఉంది, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది. నిండా వంపి, చిల్లులో పోసేసి, ఎక్కడి సామాను అక్కడ పెట్టేశాను. ఆమె వచ్చి నూనె సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నానికి కారు నేల మీదికి దిగింది. ఆమె స్టీరింగు దగ్గర, నేను పక్కన. బాబాయి పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

తాళం తిప్పింది. ఇంజను అంటుకుంది. క్లచ్ తొక్కి రివర్సు వేసింది. మెత్తగా పడింది. కారు వెనక్కి కదిలి షెడ్డు గుమ్మం దాటి ఎండలోకి వచ్చింది.

"రివర్సొచ్చింది!" అని అరిచింది.

"వెనక్కే పోతే ఇల్లెప్పుడు చేరతామే?" అన్నాడు బాబాయి.

మొదటి గేరు పడింది. ఇక రెండోది. అసలు రోగం దాంట్లోనే. మెల్లగా లాగి వేసి, చెయ్యి తీసేసింది. ఇదివరకు ఇక్కడే రాడ్డు తనంతట తనే వెనక్కి దూకేది. ఇప్పుడు కదల్లేదు. వీధి చివరి మలుపు వచ్చింది, కదల్లేదు. ఆమె స్టీరింగు మీద దరువు వేసింది. నేను డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాను, నా చేతిలోనే ఉన్నట్టు ఆ గేరు.

"తొక్కవే, ఇంకాస్త తొక్కు!" అని బాబాయి ఉత్సాహం.

"తొక్కకూడదు బాబాయ్. కొత్త చెప్పులేసుకుని పరుగెడతావా? పళ్ళకి పళ్ళు ఇంకా కొత్త. ఒకదానికొకటి అలవాటు పడాలి. నెమ్మదిగా పోవాలి, ఒకే వేగంలో పోకూడదు, అన్ని గేర్లూ మార్చి మార్చి వాడాలి. బరువు లాగించకూడదు."

"అయితే నేను దిగనా?"

"దిగితే తలుపు నెమ్మదిగా వెయ్యి."

మూడు, నాలుగు కూడా పడ్డాయి. పెద్ద రోడ్డు మీద కాసేపు, వీధుల్లో కాసేపు తిప్పింది. ఆమె తల ఒక పక్కకి వాల్చి వింటోంది. కూత లేదు, గరగర లేదు. ఆమె పెదాల మీద నవ్వు మొదలవుతోంది. సరిగ్గా అప్పుడే మాడు వాసన వచ్చింది. కింద గేరు రాడ్డు దగ్గరినుంచి తెల్లటి పొగ సన్నగా లేచింది.

కారు గోదాము గోడ పక్కన చదును నేల మీద ఆపేసింది. దిగి, రోడ్డు మీదే పడుకుని కిందికి చూసింది. లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గేర్‌బాక్సంతా నూనె వదినా. పొగగొట్టం మీద కారి కాలుతోంది. సీలు పోయిందో, నేనే పగలగొట్టానో. నా వల్ల కాదు. షాపాయనకి ఫోన్ చేసేస్తా."

నిజంగానే ఫోను తీసింది.

"ముందు ఎక్కణ్ణించి కారుతోందో చూడవే. చూశాక ఏడుద్దాం" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. ఆమె నా వంక వింతగా చూసి, ఫోను నా చేతిలో పెట్టి మళ్ళీ కిందికి దూరింది. గుడ్డతో తుడుస్తూ, టార్చి వేసి వెతుకుతూ, తనలో తను గొణుక్కుంటోంది.

"సీలు పొడిగానే ఉంది... వెనకా పొడిగానే ఉంది... పైన గాలి పోయే కన్నంలోంచి కారిందే! అక్కణ్ణించి ఎందుకు తన్నుకొస్తుంది?" పక్కనున్న బిరడా విప్పింది. సరిగ్గా పోసి ఉంటే అక్కడ వేలికి తడి తగలాలి, అంతే. మరుక్షణం నూనె కుళాయి తిప్పినట్టు ధారగా దూకింది.

"డబ్బా! బాబాయ్, డబ్బా!"

బాబాయి డిక్కీలోంచి రేకు డబ్బా తెచ్చి పట్టాడు. అది నిండుతూనే ఉంది.

"ఇంత నూనె ఎక్కడిది? నేను పోసింది ఒక్క జగ్గేగా!"

"నువ్వు పోశావా?" అన్నాను.

"నువ్వు టీకి వెళ్ళినప్పుడు. అది అన్నయ్య పని కదా, నువ్వు చూస్తే బాధపడతావని..."

"నేనూ పోశానే. నువ్వు బాబాయి కొట్లో ఉన్నప్పుడు."

కారు కిందినుంచి ఒక నవ్వు మొదలైంది. మొదట ముక్కుతో, తర్వాత పొట్టతో. ఆమె కాళ్ళు రోడ్డు మీద తపతపా కొట్టుకుంటున్నాయి. నాకూ ఆగలేదు. గోడకి జారబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

"అన్నయ్య ఉంటే ఇద్దరికీ అక్షింతలే!" అంది ఆమె. ఆయన్ని తలుచుకుని మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

"నవ్వులు తర్వాత, నా చెయ్యి పడిపోతోంది" అన్నాడు బాబాయి.

ధార సన్నబడి, చుక్కలై ఆగింది. బిరడా బిగించేసింది. తర్వాత అయస్కాంతం ముక్క ఒకటి డబ్బాలోని నూనెలో తిప్పి తీసింది. ఇనప ముక్కలుంటే గేర్‌బాక్సు లోపల ఏదో విరిగినట్టు. వేలితో తుడిచి నా కళ్ళ ముందు పెట్టింది. కాటుకంత మెత్తగా, నల్లటి మరక. ముక్కన్నది లేదు.

"ఇలాగే ఉండాలి. పళ్ళు కుదురుకుంటున్నాయి వదినా!"

పొగగొట్టం తుడిచేసి మళ్ళీ ఎక్కాం. ఒకటి, రెండు, మూడు. పొగ లేదు, వాసన లేదు. రెండో గేరు మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది. ఆమె నా ఒళ్ళో ఉన్న ఫోను వైపు గడ్డంతో చూపించి, "షాపాయనకి కలిపి నా చెవి దగ్గర పెట్టు" అంది.

"అన్నా, నేనే. ఆ కౌంటరు పనికి ఇంకెవర్నైనా చూసుకో. షెడ్డు నడుపుతున్నా... ఆఁ, రేపట్నుంచే. అన్నట్టు గేరాయిలు రెండు డబ్బాలు తీసి పెట్టు." నా వంక ఓరగా చూసింది. "మూడు పెట్టులే. మా వదిన చెయ్యి పెద్దది."