దగ్గర్లో ఉన్న డాక్టరు

మా డాక్టరుగారి దగ్గర పందొమ్మిదేళ్లు కాంపౌండరుగా చేశాను. ఆయన చెడ్డవారు కాదు, ఆయన్ని చెడగొట్టింది ఆయన గొంతు.

కడుపులో నొప్పి అంటే చేత్తో నొక్కి, "ఎక్కడమ్మా, ఇక్కడా?" అని అడిగేవారు. ఆ పలకరింపుకే సగం రోగం తగ్గేది. ఎవరో చెబితే రేడియోవాళ్లు వచ్చి వారానికొకసారి మాట్లాడమన్నారు. వారానికొకసారి కాస్తా రోజూ అయింది. ఒకరోజు క్లినిక్‌కు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఇక్కడ రోజుకు నలభై మంది. అక్కడ లక్షల మంది వింటార్రా," అన్నారు.

ఆ లక్షల మందిలో ఒక్కరి నాలుకైనా చూసిన పాపాన పోలేదు. ఎవరు ఫోన్ చేసి ఏ జబ్బు చెప్పుకున్నా చివరికి ఒకటే మాట: "ఆలస్యం చెయ్యకుండా మీకు దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపించుకోండి."

క్లినిక్ ఎదురుగా షాపు పెట్టుకున్న టైలరుకు నెల రోజులుగా గుండెల్లో నొప్పి. వేరే డాక్టరు దగ్గరికి పదమని నేను పోరితే, "మన డాక్టరుగారుండగా ఇంకొకరెందుకన్నా," అని రోజూ రేడియోకే ఫోన్ చేశాడు. తొమ్మిదో రోజు లైను కలిసింది. నేను పక్కనే ఉన్నాను. డాక్టరుగారు వయసు అడిగారు, నిద్ర పడుతోందా అని అడిగారు, చివరికి ఆ మాటే చెప్పారు.

టైలరు రోడ్డవతల తాళం వంక చూశాడు. "దగ్గర్లో ఉన్న డాక్టరు మీరేనండి," అన్నాడు. "నేను మీ ఎదురు షాపు టైలర్ని."

 రేడియోలో అదే తియ్యటి గొంతు, "చాలా మంచి ప్రశ్న అడిగారు. తర్వాతి లైన్లో ఎవరున్నారో చూద్దాం," అంది.