చిట్టెపు ముద్దకు పెట్టిన బొట్టు

నిన్న తోటలో తడిసిన పార కడుగుతుంటే చేతికి ఇనుము వాసన అంటుకుంది. వెంటనే సుగుణ ఆంటీ గుర్తొచ్చారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా పక్కింటావిడ, జగిత్యాల మనిషి, కెమిస్ట్రీ టీచరుగా రిటైరయ్యారు. పట్టిన పట్టు విడవని రకం.

ఊరి చివరి అడవిలో పొదల మధ్య గుంటలుండేవి. నా కంటికవి ఉత్త గోతులు. వెయ్యేళ్లకు ముందెప్పుడో ఇనుపరాయి కోసం తవ్వినవని, పక్కనే ఆ రాయి కరిగించి ఇనుము తీశాక పారేసిన చిట్టెపు ముద్దలున్నాయని ఆవిడే చూపించారు. కౌన్సిల్ వాళ్లేమో ఆ గుంటలు పూడ్చి సైకిల్ దారి వేద్దామనుకున్నారు. "పూడిస్తే మల్ల తవ్వుతరా ఎవలన్న? దారి పక్కకు జరిపిస్త సూడు బిడ్డా," అన్నారు ఆంటీ. ఆదివారమొస్తే నన్ను లాక్కుపోయేవారు. మోకాలి నొప్పి ఆవిడది, మూలుగుడు నాది.

పురావస్తు అధికారి చూడటానికి వచ్చిన రోజే దసరా పడింది. అవి పాతకాలం నాటివేనని ఆయన ఒప్పుకుంటేనే గుంటలు దక్కుతాయి. ఇనుముకు మొక్కే రోజు కదా అని, ఆయన రాకముందే ఆంటీ ఒక పెద్ద ముద్దకు పసుపు రాసి కుంకుమ పెట్టేశారు. చినుకులకు అది కారి ముద్దంతా ఎర్రబడింది. ఆయన వేలితో రుద్ది చూసి మొహం ముడుచుకున్నారు. "దీనికి రంగు పూశారు. ఇది ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. మిగతావి మాత్రం ఎలా నమ్మను?" అని ఇంగ్లిష్‌లో అడిగారు.

"ఆ ఎరుపు తుప్పని చెప్పేద్దాం ఆంటీ," అని గొణిగాను.

"ఊకో బిడ్డా. అబద్ధమాడి కాపాడుకునుడు నాకొద్దు," అని, ఆయన వైపు తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పారు: "బొట్టు పెట్టింది నేనే. ఇవాళ మాకు పండగ. ముద్ద మాత్రం ఇక్కడిదే. రండి, చూపిస్తా."

కర్ర పట్టుకుని బురద వాలులోకి దిగారు. కింద గాలివానకు కూలిన ముసలి చెట్టొకటి ఉంది. పైకి లేచిన దాని వేళ్ల మధ్య, మట్టితో సహా, చిట్టెపు ముద్దలు ఇరుక్కుని ఉన్నాయి. "వీటినీ నేనే పెట్టానంటారా?" అని అడిగారు. ఆయన చాలాసేపు చూశారు, ఫొటోలు తీసుకున్నారు, తర్వాత ఆంటీకి చెయ్యందించి పైకి ఎక్కించారు. కొన్నాళ్లకు సైకిల్ దారి పక్కకు జరిగింది. నాకు మాత్రం ఆ దసరా రోజంతా సిగ్గుగా, గర్వంగా ఉంది.

ఆంటీ ఇప్పుడు లేరు. అడవి అవతలి వైపు ఇళ్లు కడతారట, అక్కడా గుంటలున్నాయి. రేపే దాని మీద కౌన్సిల్ మీటింగ్. నలుగురిలో మాట్లాడాలంటే నాకు వణుకు. అయినా లేచి నిలబడతాను. మాకు తెలిసిందేమిటో, తెలియనిదేమిటో రెండూ చెబుతాను. వాళ్లు కాదంటే, తర్వాతి మీటింగ్‌కు మళ్లీ వెళతాను.