మా అత్త వేసిన డిజిటైజేషన్ ప్లాను

లైబ్రరీ సైన్సు పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో, లోకంలో ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేసి వరసలో పెట్టేస్తే ఇక ఏ చిక్కూ ఉండదని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. విజయనగరంలో ఒక పరిశోధన గ్రంథాలయంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. చేరిన రెండో నెలలోనే మా పెద్దసారు (ఆయన చెప్పుల చప్పుడు వింటే పైనున్న ఫ్యాను కూడా సర్దుకుని తిరిగేదని మా నమ్మకం) నన్ను పిలిచి, "పాత పుస్తకాల పేజీలన్నీ ఫొటో తీసి కంప్యూటర్లో దాచే యంత్రం మనకి ఆర్నెల్లు ఇస్తారట. ఆ వ్యవధిలో అన్నీ అవవు. ఏది ముందో, ఏది తర్వాతో ప్లాను రాసివ్వమ్మా. వచ్చే వారం శుక్రవారం కమిటీ వస్తుంది. వాళ్ళకి నచ్చకపోతే యంత్రం ఇంకో ఊరికి పోతుంది" అన్నారు. యంత్రంతోపాటు నేనూ పోతానని ఆయన అనలేదు గానీ, నాకు అర్థమైంది.

పది రోజులు కూర్చుని నలభై పేజీలు రాశాను. రంగురంగుల పట్టికలు, బాణం గుర్తులు, మధ్యమధ్య నాకే అర్థంకాని మాటలు. మొదట అద్దాల బీరువాలోని తాళపత్రాలు, అవి మా గర్వకారణం కాబట్టి. ఆ తర్వాత తోలు అట్టల గ్రంథాలు, కేటలాగు నంబరు వరసలో. చిట్టచివర, రోజులు మిగిలితే, వెనకగదిలోని పాత పత్రికల కట్టలు. ఆఖరి పేజీ చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను.

గురువారం మా మేనత్త దిగింది. భావనపాడులో చేపలమ్ముతుంది, గజపతినగరంలో చుట్టాల పెళ్ళికి పోతూ, మేనకోడలి ఆఫీసు చూద్దామని వచ్చింది.

"రోజల్లా ఇక్కడేటి సేస్తావే?"

చెప్పాను. "అయితే ముందేటి తీస్తావు?" అంది. గొప్పగా తాళపత్రాల బీరువా తెరిచాను. అత్త ఒక ఆకుని గోటితో మీటింది (నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను). "ఇది నాకన్నా గట్టిగున్నాది. మరి సివరాకర్న తీసేవేవి?"

వెనకగదికి తీసుకెళ్ళాను. అత్త ఒక పత్రికల కట్ట ఎత్తింది. అంచులు అప్పడం ముక్కల్లా విరిగి ఆమె ఒళ్ళో రాలాయి. "ఓలమ్మో!" అని అక్కడే నేలమీద కూలబడింది. "పడవొచ్చినప్పుడు ముందు ఏటమ్ముతామే? కవళ్ళు, ఆ సన్న సేపలు. పొద్దెక్కితే మెత్తబడిపోతాయని. వంజరం పెద్ద సేప, ఐసులో రేపటికీ ఉంటాది. నువ్వేటి, వంజరం ముందెట్టుకుని కవళ్ళు కుళ్ళబెడతన్నావు? సదువుకున్నావు కాదేటే?"

నాకు రోషం వచ్చింది. నంబర్ల వరస తప్పకూడదని వాదించాను. "నీ నంబర్లు ఆ కాయితాలకి తెలుసేటి?" అంది అత్త. నా నలభై పేజీలూ పక్కన పడేశాను.

ఇద్దరం కొంగులు బిగించాం. ఇవాళ పోయేవి, రేపు పోయేవి, ఇంకా ఆగేవి అని మూడు కుప్పలు పెట్టసాగాం. అత్త ప్రతి కట్టనీ వాసన చూసి మరీ కుప్ప చెప్పేది. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడు. పెద్దసారు! నేను లేచి నిలబడ్డాను, అత్త మాత్రం లేవనైనా లేదు. "సూసి అడుగెయ్యండి బాబూ, అవి ఇయ్యాల పోయేవి" అంది.

ఆయన ఆగి, వంగి, ఒక కాగితం ముక్క అరచేతిలోకి తీసుకున్నారు. "ఇన్నేళ్ళూ ఈ గదికి తాళం వేసి, అన్నీ భద్రంగా ఉన్నాయనుకున్నాను" అన్నారు మెల్లగా. తర్వాత నావైపు తిరిగి, "ప్లాను మార్చమ్మా" అన్నారు.

శుక్రవారం నా చేతిలో నాలుగే పేజీలు. కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు పైకెత్తి, "తాళపత్రాల్ని ఆఖరికి నెట్టారే! ఇదేం పద్ధతి?" అన్నారు. రాత్రంతా బట్టీపట్టిన ఇంగ్లీషు వాక్యం గాలికి ఎగిరిపోయింది. నోట్లోంచి మా ఊరు ఊడిపడింది: "ముందు పోయేవి ముందు తియ్యాల సారూ! పోయాక ఏటి తీస్తాం?"

పత్రిక ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పేజీ తిప్పడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. ఊపిరి బిగబట్టి, పసిబిడ్డని ఇచ్చినట్టు దాన్ని నాకు తిరిగిచ్చేసి, పక్కవాళ్ళతో, "యంత్రం ఇక్కడికే పంపండి" అన్నారు.

గేటు బయటికి పరుగెత్తి అత్తకి ఫోను చేశాను. "అత్తా, గెలిచేశాం!" అని అరిచిన అరుపుకి ఒక ఆటో ఆగి, నేను పిలిచాననుకుని దగ్గరికొచ్చింది.

"నీ ఉద్యోగం పర్మినెంటు సేసీసారేటే?"

"లేదత్తా. పాత పత్రికలు ముందు తీస్తారట!"

అటునుంచి పెళ్ళి మేళం వినిపించింది. అత్త, "దానికేనేటే ఆ అరుపు?" అంది.

దానికే. ఆ తర్వాత ఎన్నో ప్లానులు రాశాను. అన్నిటికీ సంతకాలు అయ్యాయి, టీలు తాగాం, ఇళ్ళకి పోయాం. ఏ ఒక్కదానికీ రోడ్డుమీద నిలబడి అలా అరవలేదు. పొడైపోయే కాగితాలకి మళ్ళీ ఆయుష్షు దొరికిందని ఆటోవాడికి కూడా చెప్పబోయిన ఆనాటి నాలోని ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది; ఆమె మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.