మొదటిసారే కావాలనడం

మా పక్కింటి పెద్దావిడ మంగళవారం కన్నుమూశారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పేసరికి స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. కట్టేసి కూర్చున్నాను.

పెళ్లై పోర్చుగల్ నుంచి ఇక్కడికి, అమెరికాలోని శాంటా క్లారాకు వచ్చిన ఆవిడ యాభై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. నన్ను ‘ఫీల్యా’ అని పిలిచేవారు. కూతురా అని దానర్థం.

మేము ఈ ఇంట్లో దిగిన వారం, వాళ్లింట్లో నాకు పాయసం లాంటిది తెచ్చి పెట్టారు. పైన దాల్చినచెక్క పొడిని వేళ్లతో అద్ది వేసిన గళ్ల ముగ్గు. “వద్దండీ” అన్నాను. మన ఇళ్లలో మొదట వద్దనడం మర్యాద. మళ్లీ అడుగుతారు, అప్పుడు తీసుకుంటాం. ఆవిడ సరేనని గిన్నె లోపల పెట్టేశారు.

చాలా రోజులకు ఈ సంగతి చెబితే పగలబడి నవ్వారు. “నువ్వు వద్దన్నావు, నేను నమ్మాను. నా తప్పేముంది?”

అలా నవ్విన వారమే నన్ను తమ పోర్చుగీసువాళ్ల రెస్టారెంట్‌కు తీసుకెళ్లారు. నేను మాంసం తినను. బయట ఎక్కడ తిన్నా నా తరఫున మావారే చెప్పేవారు. ఆయన మరిచిపోతే ఉత్త రొట్టె తిని, కడుపు నిండిందనేదాన్ని. ఆవిడ నా చేతిలోని మెనూ మూసేశారు. ముందు వెయిటర్ కళ్లలోకి చూసి ‘బోవ తార్డ’ అని పలకరించాలట. తర్వాతే ‘కెరీయ ఊమ సోప సెం కార్న, పూర్ ఫవోర్’. మాంసం లేకుండా ఒక సూప్ కావాలండీ, దయచేసి అని.

“వాళ్లకు ఇంగ్లిష్ వచ్చు కదా?” అన్నాను.

“వచ్చు. ఇంగ్లిష్‌లో అయితే మీ ఆయన మధ్యలో దూరతాడు. ఇది నీకొక్కదానికే వస్తుంది.”

సరుకుల పుస్తకం వెనక పేజీలో తెలుగులో రాసుకుని, చూసి చదవబోయాను. “పుస్తకం లోపల పెట్టు, ఫీల్యా. అతను నీ మొహం చూడాలి. గుసగుసలాడితే వంటింటిదాకా వినపడదు.” నాలుగోసారికి నా గొంతు పెగిలింది. అప్పటినుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడే మా భోజనం. ఒక్కసారి కూడా నా బదులు ఆవిడ అడగలేదు. నేను తడుముకుంటుంటే కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేవారు.

నిన్న అంత్యక్రియలయ్యాక అందరికీ అక్కడే భోజనాలు పెట్టారు. వెయిటర్ రాగానే మావారు నావైపు వంగారు. “నువ్వుండు, నేను చెప్తాలే.”

“వద్దు, నేనే ఆర్డర్ చేస్తా.”

పలకరించాను. అడిగాను. మాట పూర్తయింది. ఆకుకూర సూప్ వచ్చింది, సాసేజ్ ముక్క లేకుండా.

చివర్లో వాళ్లమ్మాయి ఒక పళ్లెం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. “అమ్మ పద్ధతిలో నేనే చేశా. కొంచెం వేసుకుంటారా?”

వద్దమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“సీం, పూర్ ఫవోర్” అన్నాను. కావాలి, దయచేసి.

తెల్లటి పాయసం మీద అదే గళ్ల ముగ్గు. ఒక మూల, పొడి అద్దిన వేలిముద్ర. దాన్ని చెరపకుండా, రెండో వైపు నుంచి చెంచా పెట్టాను.