అవని డాక్టరు కాదు

మా అవని డాక్టరు చదువుతోందని, అమెరికాలో మేముండే చాండ్లర్‌లో మొదట చెప్పింది నేనే. మా ఆయన శశికాంత్ సంవత్సరీకం నాడు, వడలు వేయిస్తుంటే ఎవరో అడిగారు, అమ్మాయి ఏం చదువుతోందని. కంప్యూటర్స్ వదిలేసి సైకాలజీలో చేరిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తండ్రి పోయాక పిల్ల దారి తప్పిందంటారని భయం. "మెదడు డాక్టరు చదువు" అన్నాను. సాయంత్రానికల్లా ఆ మాట వాట్సాప్ గ్రూపంతా తిరిగింది. అవనికి మాత్రం తెలియదు.

నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఈ సైకాలజీ అయ్యాక ఏమవుతావని ఒకసారి బియ్యం కడుగుతూ అవనిని అడిగాను.

"చాలా అవ్వొచ్చు అమ్మా. స్కూల్‌లో వర్క్ చెయ్యొచ్చు, హాస్పిటల్‌లో, కంపెనీల్లో కూడా. నాకైతే కౌన్సెలర్ అవ్వాలని ఉంది. డిగ్రీ తర్వాత మాస్టర్స్ చెయ్యాలి. తర్వాత సీనియర్స్ కింద కొన్నేళ్ళు వర్క్ చేస్తే లైసెన్స్ ఇస్తారు. అప్పటిదాకా నేను ఎవరికీ ట్రీట్‌మెంట్ చెయ్యకూడదు."

"మందులు రాస్తావా?"

"అది వేరేవాళ్ళు. సైకియాట్రిస్టులు."

అంతవరకే నాకు అర్థమైంది. చెయ్యకూడదన్న మాట మాత్రం గుర్తుండిపోయింది.

ఈ ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం రాధారాణి ఫోన్ చేసింది. వాళ్ళది మా వీధి చివరి ఇల్లు.

"ఛాయ వదినా, అవని వచ్చిందా? మా కృతి మూడు రోజులుగా సరిగ్గా తినట్లేదు, మాట్లాడట్లేదు. నిన్న స్కూల్లో కౌన్సెలర్ కాగితం ఇచ్చింది, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమని. వెళ్తే అదంతా రికార్డులో ఎక్కిపోతుంది కదా! మనింట్లోనే డాక్టరుంటే బయటికెందుకని..."

నిజం అప్పుడే చెప్పాల్సింది. "తీసుకురా" అన్నాను.

కృతికి పదిహేనేళ్ళు. ఆ ఎండలోనూ నల్లటి హుడీ తొడుక్కుని వచ్చి, సోఫా చివర ముడుచుకుని కూర్చుంది. చంటిపిల్లప్పుడు నా ఒళ్ళో గెంతిన పిల్ల. నా వైపు చూడనైనా లేదు.

వారాంతానికి హాస్టల్ నుంచి వచ్చిన అవని మేడ దిగింది.

"రామ్మా డాక్టరమ్మా," అంది రాధారాణి. "దీనికి నిద్రకేదైనా రాసిచ్చావంటే సోమవారానికి సెట్ అయిపోతుంది. ఫోన్ చూసీ చూసీ బుర్ర పాడుచేసుకుంది."

అవని నా వైపు చూసింది. వెళ్ళి కృతి ముందు నేల మీద కూర్చుంది. మెల్లగా ఇంగ్లీషులో ఏదో మాట్లాడింది. తర్వాత అడిగిన ప్రశ్న నాకు కూడా అర్థమైంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని.

లేని ఆలోచన పిల్ల బుర్రలో పెడుతోందేమో! రాధారాణి "ఏం మాటలవి!" అంటూ లేచింది. కృతి తల ఎత్తలేదు. దించుకున్న తలనే మెల్లగా ఊపింది. అవునని.

"ఆంటీ, హాస్పిటల్‌కి వెళ్దాం. ఇప్పుడే. నేను డాక్టర్ కాదు. జస్ట్ స్టూడెంట్‌ని."

"అదేంటి? మీ అమ్మే చెప్పింది కదా!"

"అబద్ధం చెప్పాను రాధా," అన్నాను.

"బావుంది వదినా! నువ్వు గొప్పలు పోవడానికి నా ఇంటి గుట్టు బయటపెట్టుకున్నాను. పదవే కృతీ, సోమవారం మన డాక్టర్‌కే చూపించుకుందాం." పిల్ల చెయ్యి పట్టి లేపింది.

సోమవారం అనేసరికి నేను లేచాను. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మా ఆయన పోయింది నిద్రలో కాదు రాధా, అందరికీ అలా చెప్పాను. పొద్దున తొమ్మిదింటికి గుండెలో నొప్పన్నారు. అంబులెన్స్ వస్తే వీధంతా చూస్తుంది, సోమవారం వెళ్తానన్నారు. సరేనని వాము నీళ్ళు కాచి ఇచ్చాను. రెండుసార్లు. ఒంటిగంటకి పోయారు."

ఇది అవనికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. దాని ముఖం చూడడానికి ధైర్యం చాలక రాధారాణినే చూశాను. ఆమె కృతిని చూసింది. చూస్తూ చూస్తూనే సోఫాలో కూలబడిపోయింది.

"కారు ఎవరు డ్రైవ్ చేస్తారు? నా వల్ల కాదు," అంది.

అవని డ్రైవ్ చేసింది. పక్క సీట్లో నేను కూర్చున్నాను. వెనక రాధారాణి కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. ప్రతి రెడ్ లైట్ దగ్గరా నేను గడియారం చూశాను.

ఆసుపత్రిలో రాధారాణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్నగా మడతపెట్టిన స్కూలు కాగితం తీసి ఇచ్చింది. నువ్వెవరని కౌంటర్‌లో అవనిని అడిగారు. "ఫ్యామిలీ ఫ్రెండ్" అంది. తల్లినీ కూతుర్నీ లోపలికి తీసుకెళ్ళారు.

నాలుగింటికి రాధారాణి బయటికొచ్చింది. "ఉంచుకుంటామన్నారు. పిల్ల మాట్లాడుతోంది వదినా, డాక్టర్‌తో." నా ముఖం చూడకుండానే నా ఫోన్‌లో వాళ్ళ గ్యారేజ్ తలుపు తెరిచే కోడ్ కొట్టి ఇచ్చింది. "పప్పు స్టవ్ మీదే వదిలేసి వచ్చా. ఫ్రిజ్‌లో పెట్టవూ?"

అవని కారెక్కి ఏసీ వేసింది. కారు మాత్రం కదిలించలేదు.

"ఇలాంటివి రోజూ వినాలా నువ్వు?" అన్నాను. "జీవితమంతా?"

అవని నా వైపు తిరిగింది. "ఆ రోజు తొమ్మిదింటికి నాన్నకి ఏమైందో చెప్పమ్మా. మొదట్నుంచీ."

నాకు భయమేసింది. అయినా చెప్పడం మొదలుపెట్టాను.